స్పానియల్‌కు ముందు ఆగడం నేర్పండి

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లో ఫెజంట్ అనే కోడిజాతి పిట్టల వేటల గురించి, అక్కడ పొదల్లో దూరి పిట్టల్ని లేపే స్పానియల్ కుక్కల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాక కోనసీమలో కాకర్, స్ప్రింగర్ రకాల స్పానియల్ పిల్లల్ని పెంచుతున్న వాళ్లకు కొత్త ఉత్సాహం వచ్చింది. ఫొటోలు బాగున్నాయి. అయితే ఆ కుక్క అలా తయారవడానికి వెనక ఏడాది పైగా ఏం చేస్తారో, అదే పని మన దగ్గర చేయిస్తే చట్టం ఏమంటుందో అందులో లేదు. ఏడాది నిండని కుక్కను గౌతమి లంకల్లోనో, వశిష్ఠ ఒడ్డునో రెల్లుగడ్డిలోకి వదిలి, కౌజుపిట్టల్నీ ఉల్లంకుల్నీ లేపించి, వీడియోలు తీసుకుని మురిసిపోయేవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ సరదా పిట్టకూ చేటే, కుక్కకూ చేటే.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. వేట అంటే తుపాకీ పేల్చడమే అని మనలో చాలామంది నమ్మకం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అలా అనదు. చంపడంతో పాటు పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, కుక్కలతో వెంటాడించడం, తోలడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా 2వ సెక్షన్ ప్రకారం వేట కిందికే వస్తాయి. 9వ సెక్షన్ ఆ వేటను నిషేధించింది. 2022లో సవరించాక సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఎక్కువ రక్షణ ఇచ్చిన జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లోని జంతువైతే శిక్ష ఇంకా ఎక్కువ. మన తోటల్లో తిరిగే ఉడుము ఆ షెడ్యూల్‌లోదే. పొదల్లోంచి పిట్టల్ని లేపే కుక్క, అంటే బీటింగ్ కుక్క, చేసే పని తోలడమే కాబట్టి, చేతిలో తుపాకీ లేదు, పిట్టకు దెబ్బ తగల్లేదు అన్న వాదన నిలవదు.

అయితే స్పానియల్‌ను గొలుసుతో వరండాకు కట్టేసి ఉంచాలా? అక్కర్లేదు. ఆ కుక్కకు ఇంగ్లండ్‌లో ఇచ్చే శిక్షణలో పిట్ట అవసరం లేని భాగమే ఎక్కువ. దాన్ని మన కొబ్బరితోటలో చక్కగా ఇవ్వవచ్చు. అక్కడి పని ఎలా ఉంటుందో తెలిస్తే ఎందుకలా అంటున్నానో అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో ఫెజంట్ వేట కాలం అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా. చిన్న అడవి ముక్కకు ఒక చివర తుపాకులవాళ్లు తమకు కేటాయించిన గుంజల దగ్గర వరుసగా నిలబడతారు. రెండో చివర నుంచి బీటర్లు చేతికర్రలతో మానుల్ని, పొదల్ని తడుతూ ఒకే వరుసలో నడుస్తారు. మనిషికీ మనిషికీ మధ్య ఎడం సుమారు పది పదిహేను గజాలు. కర్రకు అందని ముళ్లకంపలోకి దూరి పిట్టను కదిలించడం స్పానియల్ వంతు. పడ్డ పిట్టల్ని వెతికి తేవడానికి తుపాకుల వెనక వేరే మనుషులు, వేరే కుక్కలు ఉంటారు. వేట నడిపే గేమ్‌కీపర్‌కు కావలసింది పిట్టలు రెండో మూడో చొప్పున, విడతలుగా లేవడం. కుక్క వరుసను దాటి నలభై గజాలు ఉరికిందంటే పొదల చివర పోగైన పిట్టలన్నీ ఒక్కసారే లేచిపోతాయి. తుపాకీలో ఉండేవి రెండే గుళ్లు. మళ్లీ నింపుకునేలోగా ఆకాశం ఖాళీ. వరుసలో నడిచిన అందరి శ్రమా అర నిమిషంలో వృథా అవుతుంది. అలాంటి కుక్కను తెచ్చినవాణ్ని మర్నాడు పిలవరు. అక్కడ మంచి కుక్క అంటే తన మనిషికి పది పదిహేను గజాల లోపల వెతుకుతూ, పిట్ట లేవగానే కూర్చుని, ఈల వినగానే వెనక్కి వచ్చేది. పొదలోకి దూరే ఉత్సాహం దాని రక్తంలోనే ఉంది. ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఆగడం.

తొందరపడి పిల్లకుక్కను వరుసలోకి దింపితే ఏమవుతుందో అక్కడివాళ్లకు బాగా తెలుసు. పెంచి వదిలిన ఫెజంట్లు కొన్ని లేవకుండా గడ్డిలో అణిగి కూర్చుంటాయి. అలా కూర్చున్న పిట్టను కుక్క నోట కరుచుకుంటుంది. ఒకసారి పట్టిన కుక్క రెండోసారి లేపదు, పట్టడానికే చూస్తుంది. నలిపేయడం కూడా అలవాటు పడుతుంది. లేచిన పిట్ట వెంట పక్కవాడి కుక్క పరుగెత్తితే ఇదీ పరుగెత్తుతుంది. పరుగులో ఉన్న కుక్క చెవికి ఈల ఎక్కదు. ఈల వినకపోయినా ఏమీ కాదని దానికి తెలిసిన రోజున అంతకుముందు ఆరు నెలలు నేర్పింది పోయినట్టే. అందుకే ఆరేడు నెలల వయసులో పాఠాలు మొదలుపెట్టినా, వరుసలోకి తీసుకెళ్లేది ఏడాదిన్నర దగ్గర పడ్డాకే. మొదటి రోజు తాడు మీదే నడిపించి, ఒకటి రెండు విడతలతో ఇంటికి పంపేస్తారు. లంకల్లో పిల్లకుక్కల్ని వదిలేవాళ్లు పాడు చేస్తున్నది సరిగ్గా ఈ వయసునే.

ఇక నేర్పే విధానం. పిల్ల ఇంటికొచ్చిన దగ్గర నుంచి ఆరు నెలల దాకా పెద్దగా పాఠాలు వద్దు. పేరు గుర్తుపట్టడం, పిలిస్తే రావడం, పళ్లెం ముందు కూర్చుని అనుమతి కోసం ఆగడం, చెవులు, పాదాలు పట్టుకుంటే ఓర్చుకోవడం చాలు. తోటలో ఒంటరిగా తిరగనివ్వకూడదు. తనంతట తాను వెతుక్కోవడం అలవాటైన స్పానియల్‌కు మనిషితో పని లేదు. ఈ ఒక్క అలవాటును తర్వాత విడిపించడం మిగతా అన్నిటికన్నా కష్టం.

విజిల్ ఒకటి కొనుక్కోండి. స్పానియల్ వాళ్లు ఎక్కువగా వాడేది ఆక్మే 210.5. లోపల గింజ ఉండదు, పోయినా అదే నంబరు కొంటే అదే స్వరం వస్తుంది, ఇంట్లో ఎవరు ఊదినా కుక్కకు తేడా తెలియదు. మూడే సంకేతాలు: పొడుగ్గా ఒకసారి ఊదితే కూర్చో, పొట్టిగా రెండుసార్లు ఊదితే పక్కకు తిరుగు, వెంటవెంటనే నాలుగైదు పొట్టి ఈలలు ఊదితే వచ్చేయ్. అన్నం పెట్టేటప్పుడే మొదటిదీ మూడోదీ వాడుతుంటే ఆరో నెలకు వాటి అర్థం తెలిసిపోతుంది.

ఆగే ఈలను మెట్లు మెట్లుగా కట్టాలి. మొదట కాలి పక్కనే ఉంచి ‘సిట్’ అని, చెయ్యెత్తి, పొడుగు ఈల ఊదాలి. వారం తిరిగేసరికి మాట మానేయాలి. తర్వాత నడుస్తూ నడుస్తూ ఊదాలి, ఆ తర్వాత ఐదు మీటర్లు, పది, పదిహేను మీటర్ల దూరంలో ఉండగా ఊదాలి. దూరం పెంచిన ప్రతిసారీ మొదటి రెండు రోజులు పది మీటర్ల నైలాన్ తాడు వేలాడుతుండాలి. తాడు చివర ముడి గానీ ఉచ్చు గానీ ఉండకూడదు, కొబ్బరి మట్టకు తగులుకుంటుంది. మెడపట్టీకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టాలి.

ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. కుక్క మొదటి ఈలకు కూర్చోకపోతే మళ్లీ ఊదుతారు, మళ్లీ ఊదుతారు, కేకలు వేస్తారు. దాంతో మూడో ఈలకు కూర్చుంటే సరిపోతుందని కుక్క నేర్చుకుంటుంది. ఒక్కసారే ఊదండి. కూర్చోకపోతే నోరెత్తకుండా నడిచి వెళ్లి, కుక్కను పట్టుకుని, ఈల వినిపించినప్పుడు అది ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, అక్కడ మళ్లీ ఒక్కసారి ఊదండి. కొట్టకండి, తిట్టకండి. ఎంత దూరమైనా మీరే నడవాలి. ఈ నడకకు బద్ధకించేవాళ్లు స్పానియల్‌ను పెంచకపోవడం మంచిది.

కూర్చోవడం కుదిరాక టెన్నిస్ బంతి. బంతి విసిరి, అది గాల్లో ఉండగానే ఈల ఊదాలి. కుక్క కూర్చోవాలి. పది బంతుల్లో ఏడు మీరే వెళ్లి తెచ్చుకోండి, మూడింటికి మాత్రం కుక్కను పంపండి. కంటి ముందు ఎగిరినదల్లా తనది కాదన్న ఎరుక దానికి ఇలాగే వస్తుంది. రేపు పిట్ట ఎగిరినా, కోడి రెక్కలు కొట్టినా, పంచాయతీ రోడ్డు మీద మోటార్‌సైకిల్ అడ్డొచ్చినా ఈ పాఠమే దాన్ని ఆపుతుంది.

గాలికి ఎదురుగా అటూ ఇటూ వెతకడం నేర్పడానికి మన కొబ్బరితోట లాంటి చోటు ఇంగ్లండ్‌లో కూడా దొరకదు. చెట్టుకూ చెట్టుకూ ఎనిమిది మీటర్ల దాకా ఎడం ఉంటుంది. మీరు ఒక వరుస పట్టి నడవండి. ఎడమ పక్క ఒక వరుస, కుడి పక్క ఒక వరుస, కుక్క హద్దు అంతే. కుక్క ఆ హద్దు వరుస చేరబోతుండగా రెండు పొట్టి ఈలలు ఊది, మీరు ఒళ్లంతా ఎదురు పక్కకు తిప్పి అటు నడవండి. కుక్క ఈల కన్నా మీ నడక చూసి తిరుగుతుంది. నడిచే ముందు గుప్పెడు పొడి మట్టి వదిలి గాలి ఎటుందో చూసుకోవాలి. డెల్టాలో ఉదయం ఒక దిక్కు నుంచి వీచే గాలి మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి వీస్తుంది, నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. వెనక గాలిలో కుక్క నేరుగా ముందుకు వెళ్లి, అక్కణ్నుంచి మీ వైపు వాసన చూసుకుంటూ వస్తుంది. అది తెలివైన పనే. కానీ నేర్చుకునే రోజుల్లో దూరం పోయే అలవాటు చేస్తుంది, కాబట్టి మొదటి రెండు మూడు నెలలు ఎదురు గాలిలోనే చేయించండి.

ఇందులో కీలకం ఒకటుంది. కుక్క చూడకుండా మీ కాళ్లకు నాలుగైదు అడుగుల దూరంలో, మోకాలెత్తు గడ్డిలో బంతి వదలండి. అది పక్కకు తిరిగి వస్తూ వాసన పట్టి దొరికించుకుంటుంది. దొరికేదంతా మనిషి దగ్గరే దొరుకుతుందని తెలిసిన కుక్క దూరం వెళ్లదు. లంకలో వదిలిన కుక్కకు దొరికేది ఎప్పుడూ దూరంగానే, అది మాట వినకుండా పోవడానికి సగం కారణం ఇదే. కోకో అంతరపంటగా ఉన్న తోటలో ఆకు మందంగా రాలి ఉంటుంది, ముక్కుకు అంతకన్నా మంచి పని ఉండదు. పూటకు ఎనిమిది, పది నిమిషాలు చాలు. ఇంకా చేస్తానని ఉబలాటపడుతుండగానే ఆపేయండి. గెలలు దింపుతున్న రోజున మాత్రం ఆ తోటలోకి వద్దు.

వరుసలో నడిపించే అభ్యాసం కూడా చేయొచ్చు. ముగ్గురు నలుగురు మిత్రులు చేతికర్రలతో మొదళ్లు తడుతూ, మాట్లాడుకుంటూ పది గజాల ఎడంతో నడవాలి. మొదటి కొన్ని నడకలు కుక్క తాడు మీదే. తర్వాత తన మనిషి ముందు మాత్రమే వెతకాలి. పక్కవాడు ఈల వేసినా, పిలిచినా వెళ్లకూడదు. తోట చివర పాతిక గజాలు ఉండగానే కూర్చోబెట్టి తాడు వేసేయాలి. నిజమైన వేటలో కుక్కలు అదుపు తప్పేది ఆ చివరి పాతిక గజాల్లోనే.

రెక్కల చప్పుడుకు స్థిరంగా కూర్చోవడానికి అక్కడ ప్రత్యేక దొడ్లు కడతారు. మనకు పెరటి కోళ్లున్నాయి. సార్వా కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు తిరుగుతాయి. మంద యజమానిని అడిగి, గట్టు మీద యాభై గజాల దూరంలో తాడుతో కూర్చోబెట్టండి. మంద కదిలి వెళ్లేదాకా కూర్చుంటే బహుమతి. నెమ్మదిగా దూరం తగ్గించండి. తాడు మాత్రం చివరిదాకా చేతిలోనే. ఒక్క బాతును పట్టినా యజమానికి నష్టం, కుక్కకు దురలవాటు.

ఎండ సంగతి ఇంగ్లండ్ పుస్తకాల్లో ఉండదు. కుక్క ఒళ్లు చల్లబడేది రొప్పడం వల్ల, నాలుక మీది తేమ ఆరడం వల్ల. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం ఏడున్నరలోపు, మార్చి నుంచి వర్షాలు పడేదాకా తెల్లవారుజామున పది నిమిషాలు, అంతకు మించి వద్దు. మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణాపాయం. నాలుక వెడల్పుగా సాగి, చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, నడక తూలితే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూసి, పోస్తూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. తడిగుడ్డ కప్పి వదిలేయకూడదు, వేడి లోపలే ఉండిపోతుంది.

పని అయ్యాక ప్రతిసారీ చెవులు ఎత్తి చూడాలి. వేలాడే చెవి లోపల తడి ఆరక చీము పడుతుంది. తల విదిలించడం, పుల్లటి వాసన రావడం మొదటి గుర్తులు. చెవి కింద, వేళ్ల మధ్య వెంట్రుకలు పొట్టిగా కత్తిరించండి. ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు చిక్కుకునేది అక్కడే, పిడుదులు దాక్కునేదీ అక్కడే. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనుషులకూ సోకుతుంది. దానికి టీకా పిల్లగా ఉన్నప్పుడు రెండు మోతాదులు, తర్వాత ఏటా వేయించాలి. గట్టు బొరియలు తవ్వనివ్వకండి. ఎలుక బొరియలో నాగుపాము ఉండొచ్చు.

ఎలుకల మందు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సార్వాలోనూ దాళ్వాలోనూ చేలల్లో పెట్టే ఎరలో 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు ఉంటాయి. నూనె వాసనకు కుక్క వస్తుంది. మందు బ్రోమడయోలోన్ అయితే మూడు నాలుగు రోజులు కుక్క బాగానే కనిపించి, ఆ తర్వాత లోపల రక్తస్రావమై పడిపోతుంది. విటమిన్ కె1 సమయానికి మొదలుపెట్టి వారాల తరబడి ఇస్తే బతుకుతుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే కడుపులో విషవాయువు పుడుతుంది, విరుగుడు లేదు, గంటల్లో తేలిపోతుంది. ఏ మందు పెట్టారో డాక్టర్‌కు చెప్పగలగాలి. చుట్టుపక్కల రైతుల్ని అడగకుండా ఆ వారం గట్ల మీదికి కుక్కను తీసుకెళ్లకండి.

భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద నీటికాకుల్ని తోలడానికి స్పానియల్ పనికొస్తుందా అని అడుగుతుంటారు. పనికిరాదు. రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల కరెంటు తీగలు నీళ్లలో ఉంటాయి, ఈత కొట్టే కుక్క దగ్గరికి వెళ్తే షాక్ కొట్టొచ్చు. రొయ్యలకు సోకే తెల్లమచ్చల వైరస్ భయంతో పీతలు రాకుండా కంచెలు కట్టి, పిట్టలు దిగకుండా పైన దారాలు లాగి, జంతువుల్ని రానివ్వని చోటికి చెరువు చెరువూ తిరిగే కుక్కను తేవడం రైతుకే నష్టం. దారాలు, వలలే అక్కడ సరైనవి.

పిల్లను కొనేవాళ్లు రంగు, చెవుల పొడవు అడుగుతున్నారు. తల్లిని చూపించమని అడగండి. మన దగ్గర దొరికే కాకర్లు ఎక్కువగా ప్రదర్శన వంశాలవి, అంటే పని కోసం కాక కుక్కల అందాల పోటీల కోసం పెంచినవి. వెంట్రుక ఒత్తు, ఎండకు తొందరగా అలసిపోతాయి. అయినా ముక్కు చెడలేదు. రోజూ అరగంట కేటాయించలేని ఇంటికి స్ప్రింగర్ అసలు వద్దు.

చివరగా రెండు విన్నపాలు. మీ పెంపుడు జంతువుల శీర్షికలో అలాంటి వేట ఫొటోలు వేసినప్పుడు అది ఏ దేశపు చట్టం కింద జరుగుతోందో ఒక వాక్యం వేయండి. అటవీ శాఖ వారు లంకలకు పడవలు కట్టే రేవుల దగ్గర, కుక్కలతో పిట్టల్ని తోలించడం కూడా వేటేనని, శిక్ష ఇంత అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టించాలి. నవంబర్‌లోపు పెడితే మేలు. చలికాలపు వలస పిట్టలు దిగేదీ, సెలవురోజుల్లో కుక్కలతో జనం పడవలెక్కేదీ అప్పుడే.

ఇట్లు,
కుక్కలకు శిక్షణ ఇచ్చే ఒక పాఠకుడు,
అమలాపురం